మేస్త్రీ పేర్చిన మూడు గుర్తులు

మా ఊళ్ళో ఒక మనిషిని ఎగతాళి చేయడం మానేశారంటే ఇక అతని పని అయిపోయిందనే అర్థం. తొఫోల్ మేస్త్రీ విషయంలో అది పోయిన నవంబరులో జరిగింది. మొదటి వారమంతా బెర్నాట్ కాఫీ కొట్లో ఆయన మీద జోకులే జోకులు. కొండకే దారి చెప్పే మనిషి కొండ మీద తప్పిపోయాడట అని ఒకడు, పుట్టగొడుగులు ఏరడానికి వెళ్ళి తనే పుట్టగొడుగులా మొలిచాడట అని ఇంకొకడు. ఆ తర్వాత ఆయన ఆస్పత్రిలో ఏమన్నాడో ఊళ్ళోకి పాకింది. జోకులు ఆగిపోయాయి. ఆయన పేరు ఎత్తితే చాలు, గొంతు తగ్గించి "పాపం" అనడం మొదలుపెట్టారు.

వాళ్ళు పాపం అన్నప్పుడల్లా నేను కాఫీ సగంలో వదిలేసి లేచి వచ్చేసేవాణ్ణి. ఆ పాపం నాది.

నా పేరు మాసియా. రాతిగోడలు కడతాను. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టే గోడలు. మా త్రముంతానా కొండల మట్టిని జారిపోకుండా పట్టి ఉంచేవి అవే, మా ఆలివ్ చెట్లు నిలబడింది వాటి దయవల్లే. ఈ పని నాకు నేర్పింది తొఫోల్ మేస్త్రీ. పందొమ్మిదేళ్ళ వయసులో ఆయన దగ్గర చేరాను, ఇప్పుడు నాకు యాభై ఏడు. నాది ఎడమచేతివాటం. "దేవుడు నిన్ను అద్దంలో చూస్తూ చేశాడ్రా" అని మొదటి ఏడాదంతా తిట్టాడు. రెండో ఏడు ఊరుకున్నాడు. మూడో ఏడు నేను కట్టిన గోడ మీదికెక్కి గెంతి చూశాడు. ఒక్క రాయీ కదలకపోయేసరికి ఏమీ అనకుండా దిగివెళ్ళి భోజనానికి కూర్చున్నాడు. ఆయన మెచ్చుకోవడమంటే అంతే.

ఊరి పైన కనుమ దగ్గర ఓక్ అడవి అయిపోయి ఉత్త సున్నపురాయి మొదలవుతుంది. అక్కడ మట్టి ఉండదు. వాన తిని తిని కత్తుల్లా నిలబెట్టిన రాయి, మధ్యలో పగుళ్ళు, కొన్ని మనిషి నడుము లోతు, కొన్ని అంతకు రెండింతలు. రాతి మీద అడుగుజాడ పడదు కాబట్టి గుర్తులు పెడతాం. మోకాలెత్తు రాళ్ళ పేర్పు, ఒకదాని దగ్గర నిలబడితే ఇంకొకటి కనిపించేట్టు. మా కనుమ మీది మూడు గుర్తులూ నలభై ఏళ్ళ కిందట తొఫోల్ మేస్త్రీ పేర్చినవే. అటుగా వెళ్ళే ప్రతివాళ్ళూ పైన ఒక చిన్న రాయి పెట్టి వెళ్తారు. గుర్తును కదపకూడదని మాలో ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

నేను కదిపాను.

కోపంతో కదిపాను. గుర్తుల పక్కనే ఒక ఎస్టేటు వాళ్ళ పాత గోడ కూలితే పోయిన వేసవిలో దాన్ని మళ్ళీ కట్టాను. వారం తిరక్కుండా పైవరస రాళ్ళు కింద పడున్నాయి. చేతికర్రలు పట్టుకుని ఎక్కడెక్కడినుంచో వచ్చే కొండనడకల వాళ్ళు సముద్రం ఫోటోలు తీసుకోవడానికి దాని మీదికి ఎక్కుతున్నారు. సర్దాను. మళ్ళీ పడేశారు. మూడోసారి వెళ్ళేసరికి ఒకావిడ నా గోడ మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని నారింజ తింటోంది. నన్ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, మూడు గుర్తుల్నీ విప్పి, రాళ్ళు మోసుకెళ్ళి ఎడమవైపు నలభై అడుగుల అవతల పేర్చాను. గోడకి దూరంగా, సరిగ్గా కత్తుల రాతి మీదుగా. నడవండి, మీ ఖరీదైన బూట్లు చిరిగితేగాని మీకు బుద్ధి రాదు అనుకున్నాను.

మేస్త్రీకి చెబుదామని అనుకోకపోలేదు. చెబితే తిడతాడు. ఆయనకి గుర్తులతో పనేముంది, కళ్ళు మూసుకుని నడుస్తాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సెప్టెంబరు గడిచింది, అక్టోబరూ గడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. చలికాలంలో ఎప్పుడో తీరిగ్గా వెనక్కి పెట్టేద్దాంలే అనుకుంటూ ఉన్నాను.

సకల పునీతుల పండుగ అయిన మూడో రోజు పొద్దున ఏడింటికి మేస్త్రీ భార్య కొలోమక్క ఫోన్ చేసింది.

"మాసియా, ఆయన నిన్న పుట్టగొడుగులకని వెళ్ళాడు, ఇంకా రాలేదు. కాపరి గుడిసెలో పడుకున్నాడేమో అనుకున్నా, ఎప్పుడూ చేసే పనేగా. ఇప్పుడు కాపరికి ఫోన్ చేస్తే అసలు రాలేదంటున్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి పైన ఒకటే పొగమంచట."

ఆవిడ మాట పూర్తికాకముందే ఎక్కడ వెతకాలో నాకు తెలిసిపోయింది. బెర్నాట్‌నీ మిగతావాళ్ళనీ వాగు వైపు పంపించి, కనుమ సంగతి నేను చూసుకుంటానన్నాను. రెండు గంటల ఎక్కుడు గంటంపావులో ఎక్కాను. మేస్త్రీ నా మూడో గుర్తుకి ఇరవై అడుగుల అవతల ఒక పగులులో ఉన్నాడు. చీలమండ విరిగింది. పుట్టగొడుగుల బుట్టని గుండెలకి హత్తుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఆయన అన్న మొదటి మాట "ముందు బుట్ట అందుకో" అని. నా కోటు తీసి ఆయనకి కప్పి, హెలికాప్టరు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను. వాళ్ళు నన్ను కూడా ఎక్కించుకున్నారు. ముందు కనిపెట్టింది నేనే కాబట్టి ఊరంతా నా భుజం తట్టింది.

గుర్తుల్ని ఆ పొద్దునే పాత చోట్లకి చేర్చేశాను. మధ్యాహ్నం పైకి వెళ్ళినవాళ్ళకి అవి నలభై ఏళ్ళుగా ఎక్కడున్నాయో అక్కడే కనిపించాయి. బెర్నాట్ ఫోటో తీశాడు.

ఆ ఫోటోయే కొంప ముంచింది. రెండు రోజుల తర్వాత నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి మేస్త్రీ దాన్ని చూసేసి ఉన్నాడు. కాలికి కట్టుతో, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"కాళ్ళు కుడికి పొమ్మన్నాయిరా మాసియా. గుర్తు ఎడమకి రమ్మంది. ఆ మంచులో ఏం చెయ్యను, నేను పేర్చిన గుర్తు కదా, దాన్నే నమ్మాను. ఇప్పుడేమో గుర్తులు కుడివైపే ఉన్నాయంటున్నారు. అంటే నేను లేనిది చూశానన్నమాట."

"మంచులో ఎవరికైనా ఏదైనా కనిపిస్తుంది మేస్త్రీ."

"కనిపించడమే కాదు, వినిపించింది కూడా. పొద్దున ఆ పగులులో కూర్చుంటే, ఎవరో రాళ్ళు పేరుస్తున్న చప్పుడు. టక్కు, టక్కు. ఆగి ఆగి, మన పనిలాగే. ఈల వేశాను. ఎవరూ పలకలేదు. ఆ రాతి మీద, ఆ చలిలో, ఎవడు గోడ కడతాడురా?" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. "మా అమ్మకి ఇలాగే మొదలైంది."

వాళ్ళమ్మ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. చివరి ఆరేళ్ళూ కన్నకొడుకుని మేక పేరు పెట్టి పిలిచింది. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో చూసిన భయం నేను ముప్పై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. చెప్పెయ్యాలని నోరు తెరిచాను. కొలోమక్క నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకపోతే ఈయన నాకు దక్కేవాడు కాదయ్యా" అంది. తెరిచిన నోరు మూసేసుకున్నాను. పిరికితనం తప్ప దానికి ఇంకో పేరు లేదు.

డాక్టరు ఆయన్ని ఇవాళ ఏం వారం, వందలోంచి ఏడు తీస్తే ఎంత అని అడిగాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడట. ఏమీ లేదు, ఆరు నెలల తర్వాత రండి అన్నారట. "వాళ్ళకేం తెలుసు, నాకు కొండే చెప్పేసింది" అని ఇంటికొచ్చి కూర్చున్నాడు. కాలు అతుక్కున్నా గడప దాటలేదు. కొలోమక్క పొయ్యి దగ్గర "ఆర్పావా?" అని చీటీ అంటించింది, బండి తాళాలు బియ్యం డబ్బాలో దాచింది. అవి చూసి ఆయన కోప్పడలేదు. అదే ఆవిడని ఎక్కువ ఏడిపించింది.

మా ఊళ్ళో ఆదివారాలు పదిపన్నెండు మంది కలిసి కొండ ఎక్కుతాం. ఇరవై ఏళ్ళుగా ముందు నడిచింది మేస్త్రీయే. "ఇక నువ్వే ముందు నడవాలి" అని బెర్నాట్ నాతో అన్నాడు. వద్దనడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు. నడిచాను. కనుమ మీద అందరూ గుర్తులకి తలో రాయీ పెట్టేవాళ్ళు. అందరూ చూస్తున్నారు కాబట్టి నేనూ పెట్టేవాణ్ణి.

జనవరిలో ఒక మధ్యాహ్నం మేస్త్రీ కబురు పెడితే వెళ్ళాను. వంటింట్లో కొలోమక్క రొట్టె ముక్కల మీద టమాటా రుద్ది నూనె పోస్తోంది. మేస్త్రీ బల్ల మీద తన సుత్తి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సుత్తి వాళ్ళ నాన్నది. పిడి నాలుగుసార్లు మారింది. నన్ను దాన్ని ముట్టుకోనిచ్చింది పదేళ్ళ తర్వాత.

"తీసుకుపో" అన్నాడు.

"నాకెందుకు మేస్త్రీ?"

"తల లేనివాడి చేతిలో సుత్తి ఉండకూడదు. రేపెప్పుడో దీంతో పిల్లిని కొట్టి రాయి అనుకుంటాను. తీసుకో, ఏడిపించకు."

ఇక నావల్ల కాలేదు. అంతా చెప్పేశాను. గోడ, నారింజ తిన్న ఆవిడ, నలభై అడుగులు, మళ్ళీ వెనక్కి పెట్టడం. ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. అది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెబుతూ ఏడ్చాను. తల ఎత్తితే ఆయన నన్ను జాలిగా చూస్తున్నాడు.

"బెర్నాట్ వచ్చి గుర్తుల్ని మేకలు పడేసి ఉంటాయన్నాడు" అన్నాడు. "పాదిరీగారు వచ్చి సైతాను కళ్ళు కప్పాడన్నారు. నువ్వేమో నీ నెత్తినే వేసుకుంటున్నావు. ముగ్గురిలోకీ నీ అబద్ధమే పెద్దదిరా."

"అబద్ధం కాదు మేస్త్రీ! ప్రమాణం చేసి చెబుతున్నా!"

"గుర్తుని కదిపేవాణ్ణి నేను తయారు చెయ్యలేదు. ఊరుకో."

కొలోమక్క నూనె చేతుల్తోనే నా తల నిమిరింది. "ఎంత మంచివాడివయ్యా" అంది. చెంపదెబ్బ కొట్టినా బావుండేది.

ఇంటికొచ్చి నన్ను నేను తిట్టుకున్నాను. గుర్తుల్ని తప్పుచోటే వదిలేసి ఉంటే, ఇవాళ తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. వెనక్కి పెట్టి నా తప్పు దాచుకోలేదు నేను, ఆయన మతి స్థిమితానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చెరిపేశాను. సుత్తి తీసుకోనని మాత్రం మొండికేశాను. కనుమ దగ్గర ఇస్తేనే తీసుకుంటాను, నాకు మొదటి రాయి పెట్టడం నేర్పింది అక్కడే కదా అన్నాను. రెండు నెలలు పోట్లాడాక, మార్చిలో, బాదం పూలు రాలిపోయాక ఒప్పుకున్నాడు.

"ఒక్కసారి చూసి ఆ లెక్క మూసేస్తాను" అన్నాడు. "కానీ ముందు నువ్వు నడువు. నన్ను నేను నమ్మను."

ఆలివ్ మళ్ళ మెట్లు ఎక్కుతుంటే ఆయన ఒక్కో గోడ మీదా చెయ్యి వేసి వచ్చాడు. ఇది మా నాన్నది, ఇది నాది, ఇది ఆ తాగుబోతు వెధవది అయినా బాగానే నిలబడింది అని గొణుగుతున్నాడు. పాత బొగ్గుబట్టీల దగ్గర కూర్చుని రొట్టె తిన్నాం. దారి చీలిన ప్రతిచోటా నేను ఆగకముందే ఆయన కర్ర సరైన వైపుకి తిరుగుతోంది. "చూశారా, మీకన్నీ తెలుసు" అన్నాను. "అమ్మకి కూడా దారులు గుర్తుండేవి. మనుషులే గుర్తుండేవారు కాదు" అన్నాడు. పూర్వం వేసవికని మంచుగడ్డ నిలవచేసిన మంచుబావి దాటాక అడవి అయిపోయింది. తెల్లటి రాయి కళ్ళలో కొట్టింది.

మొదటి గుర్తు దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డాడు. అది కుడివైపే ఉంది, ఫోటోలో ఉన్నట్టే. ఆయన భుజాలు కిందికి దిగిపోయాయి. కాసేపయ్యాక అలవాటు కొద్దీ పైన పెట్టడానికి ఒక రాయి కోసం వంగాడు. వంగినవాడు లేవలేదు. మెల్లగా కిందే కూర్చుని, జనం పెట్టిన చిన్న రాళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

"ఈ రాయి బోర్లా ఉంది" అన్నాడు.

ఎండ చూసిన ముఖం ఎండకే పెట్టాలి. ఆయన నాకు మొదటి రోజు చెప్పిన మాట అది. సున్నపురాయికి పైముఖం బూడిదరంగుకి తిరిగి రాతిపాచి పడుతుంది, అడుగుముఖం తెల్లగా ఉంటుంది. ఆయన పెద్ద రాయి ఎత్తాడు. పాచి అడుగున ఉంది, నలిగి పసుపుపచ్చగా మారి. దాని కింద రాయీ అంతే.

"నేను ఇలా పెట్టను. చచ్చినా పెట్టను" అన్నాడు. తర్వాత సందులో వేలు పెట్టి, రాయి ఊగకుండా బిగించిన చిన్న పెచ్చుని తడిమాడు. లాగి చూశాడు. రాలేదు. అటువైపు జరిగి ఇంకో పెచ్చుని తడిమాడు. "ఎడమనుంచి దిగ్గొట్టింది. అన్నీ ఎడమనుంచే."

అప్పుడు తల ఎత్తి నా చేతిని చూశాడు, నా మొహాన్ని కాదు.

"దొంగపని చేసేవాడెవడైనా కుప్పపోసి పారిపోతాడు. నువ్వు పెచ్చులు కూడా బిగించావు కదరా."

"ఊగే రాయిని వదిలేయడం నాకు రాదు మేస్త్రీ."

"రాదు. నేనే నేర్పాను."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ముందు లోపల్లోపల, తర్వాత పెద్దగా, కళ్ళ నీళ్ళు కారేలా. అరచేత్తో నుదుటి మీద టపటపా కొట్టుకున్నాడు. "ఉందిరా! లోపలే ఉంది! ఎక్కడికీ పోలేదు!" అని లోయలోకి తిరిగి "కొలోమా, ఆ తాళాలు బియ్యం డబ్బాలోనే ఉన్నాయని నాకు తెలుసే!" అని కేక పెట్టాడు. ఊరు అక్కడికి రెండు గంటల దూరం. నేనూ నవ్వాను, ఏడ్చాను. నాలుగు నెలల్లో మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్ళింది. ఇంతటితో అయిపోయింది అనుకున్నాను.

ఆయన వేలు ఇంకా పెచ్చు మీదే ఉంది. నవ్వు ఆగింది.

"పెచ్చులు బిగించి పేర్చావు. ఒక్కోదానికి ఎంతసేపు పట్టింది?"

"పది నిమిషాలు."

"మూడింటికీ అరగంట" అన్నాడు. "నన్ను కనిపెట్టాక నువ్వు నా పక్కనుంచి లేవలేదు. నాతోపాటే హెలికాప్టరు ఎక్కావు. మధ్యాహ్నానికి బెర్నాట్ ఫోటో తీశాడు."

చెప్పకుండా దాచిన ఒక్క ముక్కా అదే. ఆయనే తవ్వి తీశాడు.

"అయితే ఆ చప్పుడు..."

"నేనే మేస్త్రీ."

"ఈల వేశాను. విన్నావా?"

"విన్నాను."

"ఎన్నోదాని దగ్గరున్నావు అప్పటికి?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ ఒక్కదానికి రాళ్ళ సాక్ష్యం లేదు. కానీ ఆయన మొహం చూస్తే నోరు రాలేదు.

"రెండోదాని దగ్గర."

ఆయన తల ఊపాడు. గోడ కొలత చెబితే ఊపినట్టే ఊపాడు. "అయితే ఇంకొకటి పేర్చి వచ్చావన్నమాట" అన్నాడు.

చెయ్యి చాపాడు. నేను మోసుకొచ్చిన ఆయన సంచిలోంచి సుత్తి తీసి ఇచ్చాను. మూడు గుర్తుల్నీ ఒక్కొక్కటిగా విప్పి, ఎండ చూసిన ముఖం ఎండకి పెట్టి, ఆయనే మళ్ళీ పేర్చాడు. విరిగి అతికిన కాలుతో వంగుతూ లేస్తూ రెండు గంటలు పట్టింది. నేను ఒక రాయి అందించబోతే అందుకోలేదు. దాన్ని నా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మూడోది అయిపోయాక పైన ఒక చిన్న రాయి పెట్టి, సుత్తి నడుముకి దోపుకున్నాడు. నేనూ లేచి నా చేతిలో ఉన్నది పెట్టబోయాను.

"వద్దు" అన్నాడు.

కింద పడేశాను.

"పద. ముందు నువ్వు నడువు."

"ఇప్పుడు మీరే నడవొచ్చు కదా మేస్త్రీ. దారి మీకే బాగా తెలుసు."

"తెలుసు. నువ్వు నా వెనక ఉండటం నాకు ఇష్టం లేదు."

నడిచాను. వెనక ఆయన కర్ర చప్పుడు, అడుగు దూరం తగ్గకుండా, పెరక్కుండా. దారి చీలిన చోటల్లా నేను ఆగేవాణ్ణి. నాకు తెలియక కాదు, ఆయన గొంతు వినాలని. "కుడి" అనేవాడు, లేకపోతే "ఎడమ" అనేవాడు. ఊరు వచ్చేదాకా అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క మలుపూ తప్పు చెప్పలేదు.